పద్యాన్ని చెవితో చదవడం ఎలా?

బడిలో పద్యం నేర్పే వరస మీకు గుర్తుండే ఉంటుంది. ముందు ప్రతిపదార్థం, తర్వాత తాత్పర్యం, చివర్లో "ఇందులోని అలంకారాన్ని గుర్తించి సమన్వయించండి". గణవిభజనకు ఓ రెండు మార్కులు. గట్టిగా చదివినందుకు మాత్రం మార్కులేమీ ఉండవు. "ఇందుగలడందు లేడని" పద్యానికి నేను పదో తరగతిలో తాత్పర్యం పొల్లుపోకుండా రాసి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. అది గైడులోని తాత్పర్యం, నాది కాదు. ఆ పద్యం ఒకసారి వింటే నోట్లోంచి ఎందుకు పోదో తెలియడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది.

ఇక్కడ ఆ వరసను తిరగేద్దాం. ముందు నోరు, తర్వాత చెవి, ఆ తర్వాత పెన్సిలు. అలంకారం పేరు అన్నిటికన్నా చివర. పద్ధతి అంతా ఒక్క నమ్మకం మీద నడుస్తుంది: చప్పుడు ఎక్కడ మారిందో వెతికి, అక్కడ అర్థంలో ఏం జరుగుతోందో చూడాలి.

మీకు కావాల్సినవి నాలుగు పాదాల పద్యం ఒకటి, పెన్సిలు, ఫోన్‌లో వాయిస్ రికార్డర్, తలుపు వేసుకోగలిగే గది. గది ఎందుకంటే గట్టిగా చదవాలి. ఇంట్లోవాళ్ళు తొంగి చూస్తుంటే గొంతు తగ్గిపోతుంది, అప్పుడు పని జరగదు.

మొదట, తాత్పర్యం మూసేసి మూడుసార్లు చదవండి

మొదటిసారి అక్షరాలు తప్పు పోకుండా, నెమ్మదిగా. రెండోసారి మామూలు వేగంతో. మూడోసారి రికార్డు చేస్తూ. రాగం తీయకండి. రాగం తీస్తే ఏ పద్యమైనా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, పైగా అన్నీ నాటకాల పద్యాల్లా వినిపిస్తాయి. మాట్లాడుతున్నట్టు చదవండి.

రికార్డింగ్ వింటూ రెండే గుర్తులు పెట్టండి. నాలుక తడబడిన చోట ఒక గీత, మీకు తెలియకుండానే గొంతు ఒత్తిన చోట ఒక చుక్క. అర్థం తెలియని మాటలుంటే ఉండనివ్వండి, నిఘంటువు దగ్గరికి తర్వాత వెళ్దాం.

తిరిగి తిరిగి వచ్చే అక్షరాన్ని చుట్టండి

పోతన భాగవతంలో, హిరణ్యకశిపుడు అడిగిన ప్రశ్నకు ప్రహ్లాదుడు చెప్పే జవాబు తీసుకుందాం.

ఇందుగలడందు లేడని
సందేహము వలదు చక్రి సర్వోపగతుం
డెందెందు వెదకి చూచిన
నందందే గలడు దానవాగ్రణి వింటే

పెన్సిలుతో "ంద" వచ్చిన ప్రతి చోటా సున్నా చుట్టండి. ఇందు, అందు, సందేహం, ఎందెందులో రెండు, అందందేలో రెండు. మొత్తం ఏడు.

ఇది కందపద్యం. కందానికి ప్రాస నియమం ఉంది, అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. ఆ లెక్కన పాదానికొకటి చొప్పున నాలుగు "ంద"లు ఉంటే సరిపోతుంది. మిగతా మూడూ నియమం అడగలేదు, పోతన ఇచ్చాడు. ఎందుకు ఇచ్చాడో పద్యమే చెబుతోంది. చక్రి లేని చోటు లేదు అంటున్నాడు పిల్లవాడు. ఎక్కడ చూసినా ఆయనే అన్న మాటను, ఎక్కడ విన్నా అదే చప్పుడు వచ్చేలా చెప్పాడు. "సందేహము" అన్న మాటలో కూడా ఆ "ంద" దూరి కూర్చుంది చూడండి. అంటే సందేహపడే చోట కూడా ఆయన ఉన్నాడన్నమాట. పోతన ఇంతదూరం ఆలోచించే రాశాడా అని అడిగితే చెప్పలేను గానీ, చెవికి మాత్రం అందుతోంది.

ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. "ల" వస్తే లాలిత్యం, "మ" వస్తే మాధుర్యం, "ట" వస్తే కాఠిన్యం అని పట్టిక తయారు చేసుకుంటారు. అక్షరానికి సొంతంగా అర్థం ఉండదు. "మకరందం"లో ఉన్న మకారమే "మంట"లోనూ, "మరణం"లోనూ ఉంది. అక్షరం ఏం చేస్తుందంటే రెండు మాటల్ని తాడుతో కట్టినట్టు కట్టి పక్కపక్కన నిలబెడుతుంది. ఏ మాటను ఏ మాటతో కట్టారో చూడండి. అసలు పని అక్కడ ఉంది.

మాట మార్చి చూడండి

ఈ ఒక్క పరీక్ష వస్తే మిగతావి రాకపోయినా ఫర్వాలేదు. పద్యంలో ఒక మాట తీసేసి, అదే అర్థమున్న ఇంకో మాట పెట్టి చదవండి. ఏం పోయిందో చూడండి. పోయిందే కవి చేసిన పని.

వేమన పద్యం అందరికీ వచ్చిందే.

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

ఇప్పుడు "కప్పురంబు" తీసేసి "కర్పూరము" పెట్టండి. "ఉప్పు కర్పూరము నొక్క పోలికనుండు". ఛందస్సు చెడుతుంది, నిజమే, కానీ అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. "ఉప్పు – కప్పు" అని మొదట చెవికి రెండూ ఒకేలా వినిపించాయి. కంటికి ఉప్పూ కర్పూరమూ ఒకేలా కనిపించినట్టే, చెవికి ఆ రెండు పేర్లూ కవలల్లా వినిపించాయి. "ఒక్క పోలిక" అని వేమన చెప్పేలోపే మనం మోసపోయి ఉన్నాం. "కర్పూరము" పెడితే ఆ మోసం జరగదు, పోలిక అన్నది ఉత్త సమాచారమైపోతుంది.

మూడో పాదంలోనూ అదే ఎత్తు. "పురుషులందు పుణ్యపురుషులు". మాట అదే, మళ్ళీ అదే, మధ్యలో "పుణ్య" అన్న రెండక్షరాలు మాత్రం కొత్త. పైకి అంతా ఒకటే, తేడా చిన్నది, ఆ తేడాయే ముఖ్యం అని అర్థం చెబుతోంది. మాటల పేర్పూ అలాగే ఉంది.

రెండో పాదంలో "చూడ చూడ" బదులు "చూడగా" అని పెట్టి చూడండి. ఒకసారి చూడగానే తేడా తెలిసిపోయినట్టు ఉంటుంది. రెండుసార్లు అన్నప్పుడు చూడటానికి టైమ్ పడుతుంది, మనం కూడా ఆ రెండో "చూడ" దగ్గర కాసేపు నిలబడతాం.

ఇప్పుడు నడక

లఘువు, గురువు అనగానే చాలామందికి టెన్షన్ వస్తుంది. దీనికి బోర్డు మీద గీసే గుర్తులు అక్కర్లేదు, చేతివేళ్ళు చాలు. హ్రస్వాక్షరం పలకడానికి పట్టే సమయం ఒక మాత్ర, అది లఘువు. దీర్ఘమైనా, పక్కన సున్నా ఉన్నా, తర్వాత ఒత్తక్షరం వచ్చినా, పొల్లుతో ముగిసినా రెండు మాత్రలు, అది గురువు. "అమ్మ"లో "అ" గురువు, "మ్మ" లఘువు. ఇంతే. మొదటివారం మాత్రలు లెక్కపెడితే చాలు, గణాల పేర్లు తర్వాత.

రెండు నదులతో మొదలుపెట్టండి. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతం "మా తెలుగు తల్లికి"లో గోదావరి, కృష్ణ చెరొక పాదంలో వస్తాయి.

గలగలా గోదారి కదలిపోతుంటేను
బిరబిరా కృష్ణమ్మ పరుగులిడుతుంటేను

ఐదేసి మాత్రలుగా విడగొట్టండి. గలగలా, గోదారి, కదలిపో, తుంటేను. బిరబిరా, కృష్ణమ్మ, పరుగులిడు, తుంటేను. రెండు పాదాలూ ఖండగతిలో, "తకతకిట" అని దరువు వేసుకోవచ్చు. మొత్తం లెక్క సరిగ్గా సమానం. తేడా మూడో ముక్కలో ఉంది. "కదలిపో"లో మూడు లఘువుల తర్వాత ఒక గురువు ఉంది, గొంతు "పో" దగ్గర సాగుతుంది. "పరుగులిడు"లో ఐదుకు ఐదూ లఘువులే. ఆగడానికి చోటే లేదు, కృష్ణమ్మ పరుగెత్తాల్సిందే. గోదావరి నిండుగా కదిలిపోతుంది. నదుల స్వభావాన్ని కవి మాటలతోనే కాదు, లఘువుల్ని అటూ ఇటూ జరిపి కూడా చెప్పేశాడు. (రాజమండ్రి వాళ్ళూ విజయవాడ వాళ్ళూ ఈ విషయంలో గొడవ పడితే నాకు సంబంధం లేదు.)

తర్వాత గురజాడ దగ్గరికి రండి. 1910లో ఆయన తెచ్చిన ముత్యాల సరం అనే ఛందస్సు నడక మూడు, నాలుగు మాత్రల జంట. "తకిట తకధిమి" అంటూ చప్పట్లు కొట్టండి. "దేశభక్తి" గేయంలో ఈ పాదాలు చూడండి.

వట్టి మాటలు కట్టిపెట్టోయ్
గట్టి మేల్ తలపెట్టవోయ్

వట్టి (మూడు), మాటలు (నాలుగు), కట్టి (మూడు), పెట్టోయ్ (నాలుగు). గట్టి (మూడు), మేల్‌తల (నాలుగు), పెట్ట (మూడు), వోయ్... ఇక్కడ రెండే. నాలుగు రావాల్సిన చోట రెండు మాత్రలు వచ్చి, మిగతా రెండూ ఖాళీ. ఆ ఖాళీలో చదివేవాడు ఊపిరి తీసుకుంటాడు, వినేవాడు "సరే, ఏం చేయాలి?" అని చూస్తాడు. మాత్రలు లెక్కపెట్టే వాళ్ళు ఇలాంటి ఖాళీలను తప్పుగా భావించి వదిలేస్తుంటారు. దయచేసి వదలకండి. నడకలో నిశ్శబ్దం కూడా లెక్కే.

చప్పుడు కూడా చూడండి. వట్టి, కట్టి, పెట్టోయ్, గట్టి, పెట్టవోయ్. రెండు పాదాల్లో ఐదు "ట్ట"లు, సుత్తి దెబ్బల్లా. పైగా "వట్టి"కీ "గట్టి"కీ తేడా ఒక్క అక్షరం, అర్థంలో మాత్రం అవి ఉత్తర దక్షిణ ధ్రువాలు. ఉప్పూ కప్పురమూ గుర్తొచ్చాయా? చెవికి దగ్గరగా, బుద్ధికి దూరంగా ఉన్న మాటల్ని జత చేయడం మన కవులకు బాగా ఇష్టమైన పని. మార్చి చూస్తారా? "వ్యర్థ ప్రసంగములు మాని మంచిని తలపెట్టండి". పంచాయతీ ఆఫీసు గోడ మీద రాసినట్టు ఉంది.

వాక్యం ఎక్కడ ఆగింది, పాదం ఎక్కడ ఆగింది

ఛందస్సు పేరు తెలియగానే భావం తెలిసిపోయినట్టు కొందరు మాట్లాడతారు. "మత్తేభం కాబట్టి గంభీరంగా ఉంది" లాంటి మాటలు. అది నిజం కాదనడానికి గజేంద్రమోక్షంలో పక్కపక్కనే ఉన్న రెండు పద్యాలు చాలు. రెండూ మత్తేభాలే. రెండింట్లోనూ పాదానికి ఇరవై అక్షరాలే, అవే గణాలే.

మొదటిది ఇలా మొదలవుతుంది: "అల వైకుంఠపురంబులో నగరిలో నామూల సౌధంబు దాపల మందారవనాంతరామృతసరః ప్రాంతేందుకాంతోపలోత్పల పర్యంక రమావినోది..." ఊరు, ఊళ్ళో నగరు, నగరులో ఓ మూల మేడ, ఆ మేడ పక్కన తోట, తోటలో అమృత సరస్సు, సరస్సు ఒడ్డున చంద్రకాంత శిల, దాని మీద కలువల పాన్పు, అక్కడ విష్ణువు. డ్రోన్ కెమెరా పైనుంచి మెల్లగా దిగుతున్నట్టు ఉంటుంది. "మందార" దగ్గర మొదలైన సమాసం ఎక్కడా విరగదు, కాబట్టి మనకూ తొందర లేదు.

ఏనుగు మొర వినపడింది. వెంటనే రెండో పద్యం.

సిరికిం జెప్పడు శంఖచక్రయుగముం జేదోయి సంధింప డే
పరివారంబును జీర డభ్రగపతిం బన్నింప డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్కనొత్తడు...

చెప్పడు. సంధింపడు. చీరడు. పన్నింపడు. ఒత్తడు. ఇంకా వీడడు. ఆరు చిన్న చిన్న వాక్యాలు, ఆరూ "డు"తో ముగుస్తాయి, ఆరూ ఆయన చేయని పనులే. భార్యకు చెప్పలేదు, ఆయుధాలు తీసుకోలేదు, నౌకర్లను పిలవలేదు, వాహనం సిద్ధం చేయించలేదు, జుట్టు సర్దుకోలేదు, చేతిలో ఉన్న భార్య పైటకొంగు కూడా వదల్లేదు. ఎలా పరుగెత్తాడో పోతన ఎక్కడా చెప్పలేదు, ఏమేం చేయకుండా పరుగెత్తాడో చెప్పాడు. మొదటి పాదం చివర చూడండి: "సంధింప డే" దగ్గర పాదం అయిపోయింది, "ఏ పరివారంబును" అన్న మాట మాత్రం సగంలో ఉంది. రెండో పాదం చివర "ఆకర్ణికాం" దగ్గర మాట ఏకంగా రెండు ముక్కలై "తర" కింద పాదంలోకి పడింది. పద్యాల్లో ఇలా విరగడం మామూలే, ప్రతిసారీ దానికి అర్థం వెతకక్కర్లేదు. మొదటి పద్యంలో కూడా "దాపల" అన్న మాట రెండు పాదాల మధ్య విరిగింది, అక్కడ ఏ తొందరా లేదు. ఇక్కడ మాత్రం చిన్న వాక్యాలు తరుముతుంటే, పాదం చివర ఆగబోయిన గొంతును ఆ విరుపు ముందుకు తోస్తుంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. పద్యాన్ని రెండుసార్లు రాసుకోండి. ఒకసారి పాదాలుగా, ఒకసారి మామూలు వాక్యాలుగా, ఫుల్‌స్టాప్‌లు పెట్టి. రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ కలిసి ఆగాయో, ఎక్కడ ఒకటి ఆగితే ఇంకోటి పరుగెత్తిందో గుర్తు పెట్టండి. ఒక పద్యానికి పది నిమిషాలు పడుతుంది.

పోలికల దగ్గరికి చివర్లో వెళ్ళండి

ఉపమా, రూపకమా, ఉత్ప్రేక్షా అని మొదటే అడిగితే పేరు తెలిసిన తృప్తితో చదవడం ఆగిపోతుంది. ముందు అడగాల్సినవి రెండు ప్రశ్నలు. పోల్చిన వస్తువుతో పాటు ఇంకేం వచ్చి చేరింది? మామూలు మాట ఉండగా ఇది ఎందుకు?

రెండో ప్రశ్నకు పాత ఉదాహరణ ఒకటి అలంకార శాస్త్రంలో అందరూ చెప్పేదే: "గంగలో గొల్లపల్లె". ఏటి మధ్యలో ఊరు ఉండదు, గట్టు మీద ఉందని మనకు తెలుస్తూనే ఉంది. అయినా "గంగలో" అన్నారు. "గట్టు మీద" అంటే చోటు తెలుస్తుంది, "గంగలో" అంటే చల్లదనం, పవిత్రత కూడా ఊళ్ళోకి వస్తాయి. మళ్ళీ అదే పరీక్ష, మాట మార్చి చూడటం.

మనం రోజూ వాడే మాటల్లో ఇవి బోలెడు అరిగిపోయి పడి ఉన్నాయి. "నీకోసం చూసి చూసి కళ్ళు కాయలు కాచాయి" అంటాం. ఏం కాయలు? నాకైతే పార పట్టినవాడి అరచేతికి కాసే కాయలే గుర్తొస్తాయి. చూడటం అంత మొరటు పనైపోయిందన్నమాట. అరిగిపోయిన మాటను ఇలా ఒక్క నిమిషం వెలుగులోకి పట్టుకుంటే, కవులు చేసే పని చేతికి అలవాటవుతుంది.

మొదటి ప్రశ్నకు మళ్ళీ ప్రహ్లాదుడే. "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు". మందార తేనె రుచి మరిగిన తుమ్మెద ఉమ్మెత్త పూలకు పోతుందా అని. ఇందులో వృత్త్యనుప్రాస ఉందని రాసి వదిలేస్తాం. పాదం అంతా మకారాలు. మందారం, మకరందం, మాధుర్యం, మధుపం వరసగా ఒకే గూటి పక్షుల్లా ఉన్నాయి. కానీ తుమ్మెద పోనంటున్న "మదనములు" కూడా మకారమే! చెవికి అదీ ఆ గుంపులో మనిషే, ఉమ్మెత్త మాత్రం గుంపుది కాదు. ఒకేలా వినిపించేవాటిలోంచి తనకు కావాల్సింది తుమ్మెదకు తెలుసు.

ఇక పోలిక. దేవుణ్ణి మందారంతో పోల్చాడని సరిపెట్టుకుంటే సగమే చదివినట్టు. తుమ్మెద, రాయంచ, కోయిల, చకోరం నాలుగూ వరసగా వస్తాయి. అవి దేనికి పోలికో సీసపద్యంలోని నాలుగు పెద్ద పాదాలూ అయ్యేదాకా చెప్పడు. వాటి కింద వచ్చే చిన్న పద్యం, తేటగీతిలో, మూడో పాదం మొదట్లో "చిత్తము" అన్న మాట వస్తుంది. పోల్చింది పిల్లవాడి మనసును. "పోవునే, చనునె, చేరునే, అరుగునే" అని నాలుగూ ప్రశ్నలే. బలవంతంగా చదువు చెప్పించే పెద్దల ముందు వాదించకుండా, "మీరే చెప్పండి, పోతుందా?" అని అడుగుతున్నాడు. ఇంత వినయంగా ఎదురుతిరగడం ఇంకెక్కడా చూడలేదు నేను.

ఇప్పుడు మీ వంతు

చదవడం పట్టుబడిందో లేదో తెలియాలంటే నాలుగైదు పంక్తులు రాయాలి. గణాలు వద్దు, వచన కవిత చాలు. వచన కవితలో నడకను పంక్తి విరుపు, మాట తిరిగి రావడం మోస్తాయి. ముందు ఒక చప్పటి వాక్యం రాసుకోండి. నేను రాసుకున్నది: "అమ్మ ఊరెళ్ళింది, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది." తర్వాత "నిశ్శబ్దం" అన్న మాట వాడకుండా అదే చెప్పాలని పెట్టుకున్నాను.

అమ్మ ఊరెళ్ళింది.
కుక్కర్ కూత లేదు,
గాజుల చప్పుడు లేదు,
వంటింట్లో కుళాయి
టప్.

ఇది గొప్ప కవిత అని కాదు, విప్పి చూపించడానికి వీలుగా ఉందని పెట్టాను. రెండు "లేదు"లు ఇంటిని ఖాళీ చేస్తున్నాయి. మూడోది కూడా వస్తుందని చెవి ఎదురుచూస్తుంది, రాదు. "కుళాయి" తర్వాత పంక్తి విరిగింది, చుక్క పడటానికి పట్టే సమయం అక్కడుంది. చివరి మాట పొల్లుతో ముగిసింది, సాగదీద్దామన్నా సాగదు.

మొదట నేను అక్కడ "టపటపా" అని రాశాను. చదివి రికార్డు చేసి వింటే వర్షం పడుతున్నట్టు ఉంది, ఇంట్లో నలుగురు మనుషులు ఉన్నట్టు ఉంది. దాన్ని ఒక్క "టప్"కి కుదించాక ఇల్లు ఖాళీ అయింది. మీ పంక్తులు రాశాక ఫోన్ ముందు పెట్టుకుని గట్టిగా చదవండి. ఎక్కడ ఇంకా మనుషులు మిగిలారో వినిపిస్తుంది.